జుట్టే కదా అనేశా!

డాలస్‌లో నా రూమ్‌మేట్ నల్లజాతి అమ్మాయి. ఇంటర్వ్యూకి ముందు రోజు రాత్రి అద్దం ముందు కూర్చుని, "స్ట్రెయిట్ చేయించుకోనా, ఇలాగే వెళ్లనా?" అంది. నేను తేలిగ్గా "జుట్టే కదా!" అనేశా.

తను నవ్వలేదు. చిన్నప్పుడు జుట్టు సాఫీగా చేసే రిలాక్సర్ క్రీమ్‌తో మాడు మండిపోతున్నా ఓర్చుకునేదట, 'నీట్‌గా' కనిపించాలని. 2010లో అలబామాలో డ్రెడ్‌లాక్స్ తీయనన్నందుకు ఒకామెకి చేతికొచ్చిన ఉద్యోగం పోయింది. 2016లో అప్పీలు కోర్టూ కంపెనీ వైపే తీర్పిచ్చింది. ఈ వివక్షను ఆపడానికి 2019లో కాలిఫోర్నియా క్రౌన్ యాక్ట్ తెచ్చింది. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఉంది. చట్టం సరే, చిన్నప్పటి ఆ 'నీట్‌గా' మాట ఇంకా చెవిలో మోగుతుంటేనో?

పొద్దున్న తన ఆఫ్రోతోనే బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ అద్దం చూసుకుంది. ఈసారి నేనేమీ అనలేదు. లిఫ్ట్ దాకా తోడెళ్లా.