గృహరక్షణము: ఇనుపపెట్టె తలుపు



సముద్రతీరమున కాపురముండు మనకు ఇంటికి తాళము వేసి పోవలసిన దినములు తరచుగ వచ్చుచుండును. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్లయొద్ద తీరము దాటినది. అంతకు ముందే మన నెల్లూరు తీరపు పల్లెలలో పలువురు ఇండ్లు విడిచి ఆశ్రయగృహములకు పోవలసివచ్చెను. అట్టి వేళ పిల్లలను, వృద్ధులను, రెండు దినములకు చాలిన బియ్యమును తీసికొని పోవుదుము. నగలను మాత్రము తీసికొని పోవుటకును వెరపే, విడిచిపోవుటకును వెరపే. పదిమంది నడుమ కొంగున ముడివేసికొని కూర్చుండిన ఇల్లాలికి ఆ రాత్రి నిద్రయుండదు. ఇంట విడిచివచ్చిన ఇల్లాలికి అసలే యుండదు. కావున ఈ మాసము ఇనుపపెట్టెను గూర్చి, అందును ముఖ్యముగ దాని తలుపును గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఇది పురుషుల విషయమని కొందరు తలంపవచ్చును. పెట్టె కొనునది పురుషులే యగుదురు గాక; అందలి సొమ్మెవరిది? పుట్టింటివారు పెట్టిన కాసులపేరును, వడ్డాణమును స్త్రీధనము. స్త్రీకి లభించిన ఆస్తికి ఆమెయే సంపూర్ణాధికారిణి యని 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము 14వ సెక్షనులో చెప్పబడియున్నది. తన సొమ్మును కాచు తలుపు ఎట్టిదో తా నెరుగకుండుట మనకు తగదు.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. మన యిండ్లలో పెక్కింట నున్నది ఇనుపపెట్టె కాదు, బీరువా. దాని రేకు మందము సాధారణముగ ఒక మిల్లీమీటరు అటునిటు. లోపల చిన్న అర యొకటి, దానికి వేరొక తాళము ఉండుటచే అది భద్రమని నమ్ముచున్నాము. బట్టలకు, కాగితములకు బీరువా మంచిదే. గునపము పట్టినవానికి మాత్రము అది కొద్ది నిమిషముల పని. అట్లే అగ్నినుండి కాపాడు పెట్టె వేరు, దొంగనుండి కాపాడు పెట్టె వేరు. అగ్నిని తట్టుకొను పెట్టె గోడలలో వేడి లోనికి పోనీయని మెత్తని పదార్థమును నింపుదురు. అది మంటకు గట్టిదే గాని ఉలికి గట్టిది కాదు. కొనునపుడు ఈ రెంటిలో ఏదియో అడిగి తెలిసికొనవలెను.

ధనమును దాచు విద్య మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోశగృహమును వర్ణించుచు, భూమిలోపల రాతితో కట్టిన గృహము, దానికొక్కటే ద్వారము, యంత్రముతో కూడిన మెట్లు ఉండవలెనని విధించెను. ద్వారములు తగ్గినకొలది కాపాడవలసిన చోట్లు తగ్గునని ఆయన యెరుగును. మన కాలపు ఇనుపపెట్టెయు ఆ సూత్రమునే యనుసరించుచున్నది: ఒక గది, ఒక ద్వారము, ఒక యంత్రము.

మన దేశమున ఈ పరిశ్రమకు పేరు తెచ్చినవారు అర్దేశిర్ గోద్రెజుగారు. వారు న్యాయవాదవృత్తిని విడిచి 1897వ సంవత్సరమున బొంబాయిలో తాళముల తయారీ ప్రారంభించిరి. 1902లో మొదటి ఇనుపపెట్టెను చేయించిరి. 1944వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్టు స్టికీన్ అను ఓడ ప్రేలి నగరములో నొక భాగము దగ్ధమైనపుడు, తమ పెట్టెలలోని వస్తువులు చెడక నిలిచినవని ఆ సంస్థవారు తమ చరిత్రలో చెప్పుకొందురు.

ఇక తలుపు సంగతి. దొంగ ఎన్ని త్రోవల రాగలడో తెలిసినగాని తలుపెట్లుండవలెనో తెలియదు. ఒక్కొక్క త్రోవను, దానికి తగిన ప్రతిక్రియను చెప్పెదము.

మొదటిది మీటుట. గునపపు మొనను తలుపునకు చట్రమునకు నడుమ దూర్చి పెకలించుట. దీనికి విరుగుడు తలుపు అంచును మెట్లుమెట్లుగ చేసి చట్రములో ఒదిగించుట. సందు తిన్నగ నుండక మలుపులు తిరుగుటచే గునపమునకు చోటు దొరకదు. పూర్వము పాశ్చాత్యదేశములలో దొంగలు ఈ సందునుండియే ప్రేలుడు ద్రవమును లోనికి పోసెడివారు. దానికిని ఈ మెట్ల అంచే అడ్డుపడినది.

రెండవది మడతబందులను కోయుట. బందులు వెలుపల కనబడుటచే వానిని కోసిన తలుపు ఊడివచ్చునని పలువురు భయపడుదురు. మంచి తలుపునకు బందులవైపున కూడ గడియలుండును. లేదా కదలని ఇనుపకడ్డీ యొకటి చట్రములోని గాడిలో దూరియుండును. అట్లున్నచో బందులు రెండును కోసివేసినను తలుపు కదలదు. బందులు తలుపును త్రిప్పుటకే గాని కాచుటకు కావు.

మూడవది బెజ్జము వేయుట. తాళమునకు ఎదురుగ రంధ్రము చేసి, లోని మీటలను కదల్చుట. దీనికై తాళమునకు ముందు మిక్కిలి కఠినమైన ఉక్కుపలక నొకదానిని అమర్చుదురు. బరమా మొన దానిపై అరిగిపోవును. మేలైన పెట్టెలలో మరియొక ఉపాయము గలదు. తాళముయొద్ద గాజుపలక నొకదానిని నిలిపి, దానికి తీగలు కట్టి, ఆ తీగలచే స్ప్రింగు గడియలను బిగపట్టి యుంచుదురు. బరమా తగిలి గాజు పగిలినచో తీగలు వదలి, ఆ గడియలు తమంతట తామే పడిపోవును. అపుడు అసలు తాళపుచెవి తెచ్చినను తలుపు తెరువబడదు.

నాలుగవది పిడిని విరుచుట. పెద్ద గొట్టము తగిలించి పిడిని బలముగ త్రిప్పినచో గడియలు వంగునని దొంగ యెత్తు. అందుచే పిడి ఇరుసును ఒకచోట సన్నముగ చేయుదురు. బలము మీరినచో అక్కడనే విరుగును. గడియలు పదిలముగ నుండును.

అయిదవది అగ్నిజ్వాలతో కోయుట. ఉక్కును గ్యాసుమంట కోయగలదు. కాంక్రీటును ఆ రీతిగ కోయలేదు. రాగి వేడిని త్వరగ నలుదిక్కులకు పంచి జ్వాలను ఒకచోట నిలువనీయదు. కావున గొప్ప తలుపులలో ఉక్కు, రాగి, గట్టిరాళ్లు కలిపిన కాంక్రీటు, మరల ఉక్కు, ఇట్లు పొరలుపొరలుగ నుండును. ఒక పొరకు పనికివచ్చిన ఆయుధము రెండవ పొరకు పనికిరాదు. దొంగ పనిముట్టు మార్చినప్పుడెల్ల కొంత కాలము గడచును.

ఆ కాలమే సర్వస్వము. భేదింపరాని తలుపు లోకమున లేదు. అమెరికాలో అండర్ రైటర్స్ లాబొరేటరీస్ అను సంస్థవారు పెట్టెలను పరీక్షించి టీ.ఎల్. 15, టీ.ఎల్. 30 అని ముద్ర వేయుదురు. పెట్టె నిర్మాణపు పటములను ముందు పెట్టుకొని, నేర్పరులైన పనివారు పనిముట్లతో ప్రయత్నించినను తలుపు 15 నిమిషములు, లేక 30 నిమిషములు నిలిచినదని దాని భావము. పనిముట్టు తలుపును తాకియున్న కాలమే లెక్కకు వచ్చును. మనకును ఐ.యస్. 550 అను భారతీయ ప్రమాణము గలదు. ‘మా పెట్టె నెవరును తెరువలేరు’ అని అమ్మువాడు చెప్పినచో నమ్మవలదు; ‘ఏ ప్రమాణమునకు సరిపోయినది?’ అని అడుగుడు.

తాళపు గర్వమును గూర్చి యొక కథ చెప్పవలెను. 1817లో ఇంగ్లండునందలి పోర్ట్స్‌మత్ ఓడలరేవులో దొంగతనము జరుగగా, ప్రభుత్వమువారు భేదింపరాని తాళమునకు నూరు పౌనుల బహుమాన మేర్పరచిరి. మరుసటి సంవత్సరము జెరెమియా చబ్ అను నతడు, అన్యుడు కెలికినచో బిగిసికొని యజమానికి ఆ సంగతిని తెలుపు తాళమును కల్పించెను. ముప్పదియేండ్లకుపైగ అది అజేయమని పేరొందినది. 1851లో లండను ప్రదర్శనమునకు వచ్చిన హాబ్సు అను అమెరికావాడు దానిని 25 నిమిషములలో తెరచెను. బ్రామా అనువారి మరియొక తాళమును తెరచుటకు మాత్రము అతనికి పదియారు దినములలో 51 గంటలు పట్టినది. తలుపున కెట్లో తాళమునకును అట్లే, కొలత కాలమే.

తలుపెంత గట్టిదైనను మిగిలిన అయిదు ముఖముల మాట మరువరాదు. శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని తలుపు జోలికి పోలేదు; గోడకు కన్నము వేసెను. ఆ కన్నము పద్మాకారముగ నుండవలెనా, పూర్ణకుంభాకారముగ నుండవలెనా యని విచారించి, తన యజ్ఞోపవీతమునే కొలత్రాడుగ నుపయోగించెను. నేటి దొంగయు అంతే. ముందర గొప్ప తలుపు, వెనుక పలుచని రేకుగల పెట్టెను గోడనుండి జరిపి వెనుకనుండి కోయును. లేదా పెట్టెనే బండి కెక్కించుకొని పోవును. పైన చెప్పిన టీ.ఎల్. 15 తరగతికి పెట్టె ఇంచుమించు 340 కిలోగ్రాముల బరువైన నుండవలెను, లేకున్న నేలకు బిగింపబడవలెనని నియమము. మన యిండ్లలోని చిన్న పెట్టెలను అడుగున మరలతో కాంక్రీటునకు బిగించి, గోడమూలను నిలుపుట అత్యవసరము. వరదవేళ పెట్టె కదలకుండుటకును అది తోడ్పడును.

ఇంతవరకు దొంగను గూర్చి చెప్పితిమి. తీరవాసులకు మరియొక శత్రువు గలడు. అతడు ఉప్పుగాలి. దీనిని గూర్చి మా యింట జరిగినదానిని దాచక చెప్పుట మంచిదని తోచుచున్నది.

ఒకనాడు పండుగకు నగలు తీయబోగా మా పెట్టె తాళము తిరుగలేదు. చెవి సగము దూరి ఆగిపోయినది. చబ్ తాళపు కథను చదివియున్న మాకు, ఎవరో వేరు చెవితో త్రిప్పిచూచిరని తోచెను. ఆ గదిలోనికి వచ్చునది మేమును, ఊడ్చుటకు వచ్చు పనిమనిషియు మాత్రమే. మేము నోరు తెరచి నీవే యనలేదు. కాని అడిగిన ప్రశ్నలన్నియు నీవే యను రీతిగ నడిగితిమి. ఆమె సమాధానము చెప్పి, చీపురు మూలనుంచి, వెడలిపోయెను. మూడవనాడు తాళములు బాగుచేయువాడు వచ్చి తలుపు లోపలి రేకును విప్పెను. మీటలన్నియు ఉప్పుగాలికి తుప్పుపట్టియున్నవి. మేమే పోసిన కొబ్బరినూనె దుమ్ముతో కలిసి జిగురువలె గట్టిపడియున్నది. నగలన్నియు ఉన్నవి. ఏ చెవియు దూర్పబడిన జాడ లేదు.

మే మామె యింటికి పోయి తప్పు ఒప్పుకొంటిమి. ఆమె మరల పనికి వచ్చినది. కాని పెట్టెయున్న గదిలోనికి మాత్రము నేటికిని రాదు. ఆ గదిని మేమే ఊడ్చుకొనుచున్నాము.

చారుదత్తుని సొమ్ము పోయినపుడు, పేదవాని మాట లోకము నమ్మదని, నిజము చెప్పినను తననే శంకింతురని అతడు కుందెను. ఆ మాట చిన్ననాడే చదువుకొంటిమి. చదివినది మా వాకిటికి వచ్చినపుడు గుర్తింపలేకపోతిమి. ఇది యొక్క యింటి తప్పు మాత్రమే కాదు. 1871లో ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టమును చేసి, 1911లో మన మదరాసు రాజధానికి వర్తింపజేసి, ఎరుకలవంటివారిని పుట్టుకచేతనే దొంగలుగ నెంచెను. మన కావలియందును అట్టివారి కొరకు సెటిలుమెంటు నడచినది. 1952లో ఆ చట్టము రద్దయినది. చట్టమును రద్దుచేసినంత సులభముగ మనస్సులోని అనుమానమును రద్దుచేయలేము. తాళము బిగిసినచో మొదట పనివానిని పిలువుడు. మనిషిని తరువాత ప్రశ్నింపవచ్చును.

తుప్పు పట్టకుండుటకు కొన్ని పనులు చేయవలెను. పెట్టెను తడిగోడకు ఆనింపక నాలుగంగుళములు ఎడముగ, రాతిదిమ్మెపై నుంచుడు. దిమ్మెకు మరలతో బిగించుట మరువకుడు. వంటనూనెలను తాళములో పోయకుడు. గ్రాఫైటు పొడిని కొంచెముగ వేసిన చాలును. నెలకొకసారి, పని లేకున్నను, తాళము త్రిప్పిచూడుడు. తలుపు అంచులను పొడిగుడ్డతో తుడువుడు. ఏడాదికొకసారి తెలిసినవానిచేత లోపలి మీటలను శుభ్రపరపించుడు. రెండవ చెవిని అదే యింట దాచకుడు. పెట్టెలోనే పెట్టి మూయుట అంతకంటె తెలివితక్కువ.

బ్యాంకు లాకరు మేలుకాదా యని కొంద రడుగవచ్చును. పెద్ద సొమ్మునకు మేలే. కాని నియమములు తెలిసియుండవలెను. 2022 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన రిజర్వుబ్యాంకు నిబంధనలనుబట్టి, అగ్ని, చోరత్వము, కట్టడము కూలుట, ఉద్యోగుల మోసము వీనివలన నష్టము కలిగినచో, బ్యాంకు బాధ్యత ఏటి అద్దెకు నూరు రెట్లకు మించదు. అద్దె 2,000 రూపాయలైనచో 2,00,000 రూపాయలన్నమాట. బ్యాంకువారి అశ్రద్ధ లేనిచో వరద, పిడుగు, భూకంపములవలన కలుగు నష్టమునకు వారు పూచీపడరు. కావున లాకరు పెట్టినను నగల పట్టికయు, ఛాయాచిత్రములును, తూకపు చీట్లును మనయొద్ద వేరుగ నుండవలెను. లాకరునకు నామినీ పేరును తప్పక వ్రాయింపుడు.

మృచ్ఛకటికమున మరియొక సంగతి గలదు. ఆ రాత్రి పోయినది చారుదత్తునియొద్ద దాచుకొనిన వసంతసేన నగ. ఆ లోటు పూడ్చుటకు అతని భార్య ధూత తన పుట్టింటి రత్నావళిని తీసి యిచ్చెను. ఇంట ఎవరి సొమ్ము పోయినను తుదకు ఇల్లాలి మెడయే బోసిపోవుచున్నది. కావున మీ యింట ఇనుపపెట్టె కొనునపుడు మీరును అంగడికి పొండు. తలుపు తెరిపించి అంచును చేతితో తడవి చూడుడు, బందులవైపు గడియలున్నవో లేవో చూడుడు, వెనుక రేకును వ్రేలితో తట్టి వినుడు. అంగడివాడు నవ్విన నవ్వనిండు.