హామీ కాగితం మీద, కూలి కంపెనీ లెక్కలో

బహుళజాతి విత్తన కంపెనీలు మానవ హక్కుల గురించి చాలా అందంగా రాసుకుంటాయి. బాల కార్మికులను సహించబోమంటాయి, వెట్టిని ఒప్పుకోమంటాయి, పనిచేసే మనిషికి న్యాయమైన వేతనం అందాలంటాయి. మోన్‌శాంటో 2006లో మానవ హక్కుల విధానం ప్రకటించింది. 2018లో దాన్ని కొనేసిన జర్మనీ కంపెనీ బేయర్ కూడా ఇలాంటి హామీలే ఇస్తోంది. ఆ మాటల్లో తప్పు పట్టవలసిందేమీ లేదు. కూలి మనిషి అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ హామీకి డబ్బు ఎవరు పెడతారు?

సీడు పత్తి అంటే ఏమిటో కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో పనిచేసిన వాళ్ళకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం పూట ఆడ మొక్క మీద మర్నాడు విచ్చబోయే మొగ్గను ఎంచి, అందులోని పుప్పొడి కాడలను చేత్తో తీసేయాలి. పొద్దున్నే మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కో పువ్వుకు రెండుసార్లు చెయ్యి పెట్టాలి. క్రాసింగ్ సాగినన్నాళ్ళూ ఒక్క రోజు మానినా ఆనాటి పువ్వు దండగే. ఇది యంత్రం చేసే పని కాదు. అందుకే సీడు సాగు ఖర్చులో పెద్ద వాటా కూలిదే. ఖర్చు తగ్గాలంటే కూలి తగ్గాలి. కూలి తగ్గించడానికి దొరికిన దారి మన ఆడపిల్లలు.

సీజనుకు ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెట్టి, బడి మాన్పించి, ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని కూడా మందు కొట్టిన చేలలోకి దించారు. చిన్న వేళ్ళయితేనే పువ్వు నలగదని ఒక సాకు చెప్పేవాళ్ళు. మరి పెద్దవాళ్ళు క్రాసింగ్ చేసిన చేలలో కాయ కాయకుండా ఆగిందా? వాళ్ళు చూసింది వేళ్ళ సున్నితం కాదు. పిల్లకు తక్కువ కూలి ఇవ్వొచ్చు, పిల్ల ఎదురు మాట్లాడదు, సంఘం పెట్టదు. అసలు సంగతి అదీ.

కంపెనీలు ఈ సంగతి తమంతట తాము బయటపెట్టలేదు. పిల్లల్ని బడికి చేర్చే ఉద్యమాలు నడిపినవాళ్ళు, పరిశోధకులు బయటపెట్టారు. దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనం 2003లో వెలువడింది. హిందుస్థాన్ లీవర్, మోన్‌శాంటో, సింజెంటా, బేయర్ వంటి పెద్ద పేర్లతో ముడిపడిన సీడు చేలలోనే పిల్లలు పనిచేస్తున్నారని అది చూపింది. యూరపులో అల్లరైంది. అంతవరకూ ‘చేను రైతుది, కూలి రైతు పెట్టుకున్నాడు, మాకేం సంబంధం’ అన్న కంపెనీలు అప్పుడు కదిలాయి. తనిఖీలు పెట్టాయి. పిల్లల్ని పెట్టుకోని రైతుకు ధర మీద అయిదు శాతం బోనసు ఇస్తామన్నాయి. ఆ చేలలో పిల్లల సంఖ్య తగ్గిన మాట నిజమే. అది పోరాటం వల్ల వచ్చిన ఫలితం. దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు.

కాని అదే సమయంలో సీడు సాగు చిన్న కమతాల్లోకి, గిరిజన ప్రాంతాల్లోకి, ఇతర రాష్ట్రాల్లోకి జరుగుతూ వచ్చింది. దేశంలో పత్తి విత్తన చేలలో దాదాపు 5 లక్షల మంది పిల్లలు పనిచేస్తున్నారని, వారిలో సుమారు 2 లక్షల మంది 14 ఏళ్ళలోపు వారేనని 2015లో వచ్చిన మరో నివేదిక తెలిపింది. మరుసటి ఏడే, 2016లో, బాల కార్మిక చట్టాన్ని సవరించారు. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం పూర్తిగా నిషేధమన్నారు, బడి వేళల తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయవచ్చని సందు కూడా వదిలారు. చిన్న రైతు ఇంటిపిల్ల తెల్లవారక ముందే చేలో ఉంటే, అది సాయమా, చాకిరా? ఎవరు తేలుస్తారు?

ఇక ధర సంగతి. విత్తనం కొనే రేటు కంపెనీ నిర్ణయిస్తుంది. మధ్యలో ఆర్గనైజరు కమీషను. పరీక్షలో జీవోటీ ఫెయిలైందంటే రైతు డబ్బు ఆగిపోతుంది. ఆ భారమంతా చివరకు కూలి మీద పడుతుంది. బడా రైతులు దీన్నే సాకుగా తీసుకొని కూలి ఎగ్గొడితే మనం ఒప్పుకోం. అయితే చిన్న రైతుకు గిట్టని ధర ఇచ్చి ‘పిల్లల్ని పెట్టుకోవద్దు’ అనడం నీతి వాక్యం కాదు, తప్పించుకునే ఎత్తు.

ధర మీద ప్రభుత్వాలు చెయ్యి వెయ్యలేవా? వేశాయి. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వమే ఎంఆర్‌టీపీ కమిషన్ మెట్లెక్కి, 1,600 రూపాయలు దాటిన 450 గ్రాముల బీటీ ప్యాకెట్టును 750కి దించింది. 2015లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. కాని ఆ ఉత్తర్వు సీడు పండించే రైతుకిచ్చే ధర జోలికి పోలేదు. ప్యాకెట్టుకు లెక్క కట్టినవాళ్ళు, పువ్వు రుద్దిన చేతికి కట్టలేరా?

పరాయి దేశాల చట్టాలు వచ్చి కాపాడతాయనీ కూర్చోలేం. సరఫరా గొలుసులో హక్కుల బాధ్యత కంపెనీదేనని చెప్పే చట్టం జర్మనీలో 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే యజమానుల ఒత్తిడి పెరిగింది, 2025లో అక్కడి ప్రభుత్వమే దాన్ని సడలించే పని మొదలుపెట్టింది.

కాబట్టి మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. పెద్దల కనీస వేతనం లెక్కగట్టి, విత్తు వేయకముందే సేకరణ ధర రాసివ్వాలి. ఒప్పందం మీద కంపెనీ సంతకం ఉండాలి, ఆర్గనైజరు చాటున దాగకూడదు. తనిఖీలో కూలి సంఘానికి, పంచాయతీకి చోటుండాలి, నివేదిక తెలుగులో గ్రామంలో చదివి వినిపించాలి. ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలి. మందు కొట్టిన చేలోకి వెంటనే ఎవర్నీ దించకూడదు.

కూలి అన్నలారా, అక్కలారా! అడ్వాన్సు పట్టుకొని ఆర్గనైజరు గడపలోకి రాకముందే ఊరంతా కూర్చొని కూలి రేటు తేల్చుకోండి. చిన్న రైతును పక్కన కూర్చోబెట్టుకోండి, అతని ధర, మన కూలి ఒకే తాడుకు రెండు కొసలు. పిల్ల బడిలో ఉంటే పెద్దవాళ్ళ కూలి పెరుగుతుంది, పెద్దవాళ్ళ కూలి పెరిగితేనే పిల్ల బడిలో నిలుస్తుంది. కంపెనీ రాసుకున్న హామీని అమలు చేయించే బలం సంఘానిదే.