గాలి నిలవని ఎయిర్ రైఫిల్: విప్పే ముందు కొలవండి, కొనే ముందు ఓ-రింగ్ చార్ట్ అడగండి

సూటిగా చెప్తా. గాలి ఆగట్లేదని మూలన పడేసిన పీసీపీ ఎయిర్ రైఫిళ్లు నేను కొన్ని చూశాను. వాటిలో ఎక్కువ భాగానికి జబ్బు ఒక చిన్న రబ్బరు రింగు. దానికి చెప్పిన వైద్యం మాత్రం "వాల్వ్ అసెంబ్లీ మొత్తం మార్చాలి." గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ఫోన్లు రివ్యూ చేసే చోట రైఫిల్ గోల ఎందుకు అంటారా? ఐపీ68 ఫోన్‌లోకి నీళ్లు రాకుండా ఆపేది గాస్కెట్. రైఫిల్‌లోంచి గాలి పోకుండా ఆపేది ఓ-రింగ్. రెండూ సీల్సే. తేడా ఏంటంటే ఫోన్ విప్పాలంటే హీట్ గన్, జిగురు కావాలి. రైఫిల్‌కి అలెన్ కీల సెట్ చాలు. ఇంత తేలిగ్గా రిపేరయ్యే వస్తువుని కూడా రిపేర్ కాని వస్తువుగా అమ్ముతున్నారు. నా గొడవ అదీ.

అసలు లోపల ఏముంది?

పీసీపీ అంటే ముందే గాలి నింపి పెట్టుకునే రకం. సిలిండర్‌లో సాధారణంగా 200 బార్ దాకా నింపుతాం. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్ అని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంతో అర్థమవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ 10 బార్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దానితో పని జరగదు. హై ప్రెషర్ హ్యాండ్ పంప్ గానీ, ప్రత్యేక కంప్రెసర్ గానీ, పెద్ద ట్యాంక్ గానీ ఉండాల్సిందే.

గాలి దారి ఇలా ఉంటుంది: ఫిల్ పోర్ట్, వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్, సిలిండర్, కొన్ని మోడళ్లలో రెగ్యులేటర్, మెయిన్ వాల్వ్, బ్యారెల్. ప్రతి జాయింట్ దగ్గరా ఒక ఓ-రింగో సీటో ఉంటుంది. ఏది ఫెయిలయినా బయటికి కనిపించే లక్షణం ఒకటే, ముల్లు పడిపోవడం. అందుకే ఊహించి విప్పితే లాభం లేదు. కోడ్‌లో బగ్ వెతికినట్టే ఒక్కో ముక్కనీ వేరు చేసి చూడాలి.

ముందు ఇది నిజంగా లీకేనా?

గాలిని వేగంగా నింపితే వేడెక్కుతుంది. సిలిండర్‌లో గాలి 50 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గేజ్ 200 చూపించిందనుకోండి. అది 30 డిగ్రీలకి చల్లారేసరికి ముల్లు దాదాపు 188కి దిగుతుంది. ఒక్క చుక్క గాలి కూడా బయటికి పోలేదు. ఇంటర్ ఫిజిక్స్ అంతే.

మే నెలలో సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 200 ఉన్న రైఫిల్, తెల్లవారుజామున 28 డిగ్రీలకి 192 దగ్గర ఉంటుంది. "రాత్రికి రాత్రి 8 బార్ పోయింది" అని కంగారు పడేవాళ్లకి సమాధానం ఇదే. మధ్యాహ్నం ఎండెక్కితే మళ్లీ పైకొస్తుంది.

కాబట్టి నింపాక ఒక గంట ఆగండి. అప్పటి ప్రెషర్, గది ఉష్ణోగ్రత ఫోన్‌లో రాసుకోండి. మర్నాడు అదే టైముకి మళ్లీ చూడండి. రైఫిల్ మీద ఉండే బుల్లి గేజ్‌ని ఒకటి రెండు బార్ల తేడాకి నమ్మొద్దు. ఉష్ణోగ్రత అంతే ఉండి, రోజురోజుకీ ముల్లు దిగుతూనే ఉంటే అప్పుడది లీక్.

ప్రెషర్ ఎక్కట్లేదా, ఎక్కి దిగిపోతోందా?

ఈ రెండూ వేరు వేరు సమస్యలు. అసలు ఎక్కకపోతే ముందు పంప్‌ని అనుమానించండి. బ్లీడ్ స్క్రూ పూర్తిగా బిగించారా? గొట్టం చివర కనెక్టర్‌లో ఓ-రింగ్ తెగిందా? హ్యాండిల్ కిందికి నొక్కి వదిలితే తనంతట తనే పైకి తోసుకొస్తుంటే పంప్ లోపలి చెక్ వాల్వ్ లీకవుతున్నట్టు. బరువే తెలియకుండా హాయిగా నొక్కుడు పడుతుంటే పిస్టన్ సీల్ పోయినట్టు. వేరే పంప్ దొరికితే దానితో ఒకసారి ట్రై చేస్తే తప్పు పంప్‌దో రైఫిల్‌దో తేలిపోతుంది.

పంప్ బాగానే ఉంది, రైఫిల్ పూర్తిగా ఖాళీ, ఎంత కొట్టినా బ్యారెల్ లోంచి గాలి బుస్సుమంటోంది అంటే, చాలా మోడళ్లలో కారణం హ్యామర్. కాక్ చేయని రైఫిల్‌లో హ్యామర్ మెయిన్ వాల్వ్‌ని కాస్త తోసి పెడుతుంది. లోపల ప్రెషర్ ఉంటే వాల్వ్ మూసుకునే ఉంటుంది, ఖాళీగా ఉంటే మూసుకోదు. పెల్లెట్ లేదని ఖాయం చేసుకుని, సేఫ్టీ వేసి, బ్యారెల్‌ని సురక్షితమైన దిక్కుకి పెట్టి, కాక్ చేసి నింపండి.

ఎక్కి దిగిపోతుంటే సబ్బు నీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి, బ్రష్‌తో ఒక్కో జాయింట్‌కీ రాసి ఓపికగా చూడండి. ఫిల్ పోర్ట్ దగ్గర బుడగలొస్తే చెక్ వాల్వ్. గేజ్ చుట్టూ వస్తే గేజ్ సీల్. రెగ్యులేటర్‌కి ఉండే చిన్న గాలి రంధ్రం దగ్గర వస్తే రెగ్యులేటర్ ఓ-రింగ్. బ్యారెల్ మూతికి బెలూన్ తొడిగితే అది మెల్లగా ఉబ్బితే మెయిన్ వాల్వ్ సీటు. సిలిండర్ ముల్లు కదలకుండా ఉండి పెల్లెట్ వేగం మాత్రమే పడిపోతుంటే అది లీక్ కాదు, రెగ్యులేటర్ లేదా హ్యామర్ వైపు చూడాలి.

మీది బ్యారెల్ విరిచే స్ప్రింగ్ గన్ అయితే ఈ లెక్కలేవీ వర్తించవు. బ్రీచ్ జాయింట్ మీద టిష్యూ ముక్క పెట్టి, మామూలుగా పెల్లెట్ వేసి టార్గెట్ మీద ఒక షాట్ కొట్టండి. టిష్యూ ఎగిరితే బ్రీచ్ సీల్ మార్చాలి.

మా తమ్ముడి రైఫిల్ సంగతి

మా బాబాయి కొడుకు 10 మీటర్ల షూటింగ్ నేర్చుకుంటున్నాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ ఈ ఈవెంట్‌లోనే కాంస్యం తెచ్చాడు. వాడి రైఫిల్ రెండు రోజుల్లో సగం గాలి వదిలేసేది. ఒక డీలర్ విప్పకుండానే "అసెంబ్లీ మార్చాలి, మూడు వారాలు వదిలి వెళ్లండి" అన్నాడు. పోటీకి ఉన్న టైమే నెల. ఇంట్లో సబ్బు నీళ్లు రాస్తే బుడగలు ఫిల్ పోర్ట్ దగ్గర. గాలంతా తీసేసి విప్పితే ఓ-రింగ్ మీద గోరుగిచ్చినంత గాటు.

ఆ రింగు కొలతలు తీసుకుని రాణిగంజ్ వెళ్లాం. పంపులు, బేరింగులు, సీల్స్ అమ్మే ఆ షాపుల్లో "ఓ-రింగ్ ఇవ్వండి" అంటే సరిపోదు. లోపలి వ్యాసం, రబ్బరు మందం, గట్టిదనం మూడూ చెప్పాలి. మామూలు ఓ-రింగ్ షోర్ 70 గట్టిదనంతో దొరుకుతుంది. ఈ ప్రెషర్‌కి సాధారణంగా 90 వాడతారు. నాలుగు రింగులకి పెట్టిన ఖర్చు ఇద్దరి ఇరానీ చాయ్‌కి మించలేదు. కష్టమంతా సైజు తెలుసుకోవడంలోనే. మాన్యువల్‌లో అది లేదు.

ఇక్కడ మాత్రం తొందర వద్దు

200 బార్‌తో ఆటలొద్దు. గేజ్ సున్నా చూపించినంత మాత్రాన లోపల గాలి లేదని కాదు. ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు, రెగ్యులేటర్ వెనక గాలి మిగిలి ఉండొచ్చు. మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే ఖాళీ చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మర మామూలుకంటే బిగుతుగా ఉంటే ఆగిపోండి, లోపల ప్రెషర్ ఉందని అనుమానించండి. సిలిండర్‌కే గీత, తుప్పు, సొట్ట కనిపిస్తే అది ఇంట్లో చేసే పని కాదు. అంతర్జాతీయ పోటీల నిబంధనల ప్రకారం సిలిండర్ చెల్లుబాటు గరిష్ఠంగా 10 ఏళ్లు, ఆ తేదీ చూసుకునే బాధ్యత షూటర్‌దే.

కొబ్బరి నూనె, మెషీన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే ఏవీ లోపలికి పోనివ్వొద్దు. హై ప్రెషర్ గాలిలో ఆ నూనె ఆవిరి డీజిల్ ఇంజిన్‌లోలాగా అంటుకోవచ్చు. శుద్ధమైన సిలికాన్ గ్రీజు, అదీ పల్చగా రాస్తే చాలు. ఎలాగూ విప్పాం కదా అని బలమైన హ్యామర్ స్ప్రింగ్ వేసే సరదా కూడా వద్దు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 క్యాలిబర్, 20 జౌల్స్ దాటితే లైసెన్స్ కావాలి.

నేను అడిగేది ఒక్కటే

2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. మొదలుపెట్టిన రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ - ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. క్రీడా పరికరాలు అందులో లేవు. వచ్చేదాకా కూర్చోవాల్సిన పని లేదు, కొనేవాళ్లం మనమే కదా.

ఫోన్ కొనేముందు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారని అడుగుతున్నాం. రైఫిల్ కొనేముందు మూడు అడగండి: ఓ-రింగ్ సైజుల చార్ట్ ఇస్తారా? విడిభాగాల డ్రాయింగ్ ఉందా? సీల్ కిట్ విడిగా అమ్ముతారా? మూడింటికీ "సర్వీస్ సెంటర్‌కి రండి" అనే జవాబొస్తే, ఎన్ని మీటర్ల దూరంలో ఎంత గ్రూప్ పడుతుందన్నా నా రివ్యూలో మార్కులు కోస్తా. మీ దగ్గర ఇప్పటికే రైఫిల్ ఉంటే, ఈసారి విప్పినప్పుడు ప్రతి రింగు కొలతా రాసి ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ ఇవ్వని చార్ట్ అలా ఒక ఆదివారంలో మీ దగ్గరే తయారవుతుంది.