ముక్కలైన పని

2020 జనవరిలో వరంగల్ దగ్గరి మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా సంస్థల ప్రాంగణాలు మొదలయ్యాయి. ఇలాంటి సంస్థలు అందించే ఇంజినీరింగ్ సేవల్లో డిజైన్ సాధారణంగా ఖాతాదారు సొత్తు; అందుకే ప్రాజెక్టుకో గది, గదికో అనుమతి. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. పైగా ఉద్యోగం మానేసినవారు పోటీ సంస్థలో చేరకుండా కట్టడి చేసే ఒప్పందాలు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవవు. అది ఉద్యోగికి మేలే. కానీ మనిషిని ఆపలేని సంస్థ, ఎవరికీ మొత్తం తెలియకుండా పనిని ముక్కలు చేస్తుంది.

గోప్యత లేకుంటే పనే రాదంటారు. నిజమే. అయినా డిజైన్‌ను దాచడం వేరు, పనితనాన్ని దాచడం వేరు. దర్రీలనే వరంగల్ నేత తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ చట్టం పేరును కాపాడుతుంది, నేతను దాచదు. ఖాతాదారు కొలతలను మరుగున ఉంచి, పద్ధతులను బృందాల మధ్య పంచే ఏర్పాటు మడికొండలోనూ సాధ్యమే. ఈ ఊరికి వచ్చిన కొలువుల్లో మన పిల్లలు పనంతా నేర్చుకోవాలని మా పట్టుదల.