సలహా ఒకరిది, చావు మరొకరిది

విదేశాంగ విధానం అనగానే మనవాళ్లు పేజీ తిప్పేస్తారు. అదంతా ఢిల్లీలో కోట్లేసుకున్న పెద్దమనుషుల వ్యవహారం, మనకేం పని అనుకుంటారు. మేం అట్లా అనుకోవడం లేదు. 1987 జూలై చివర్లో శ్రీలంకలో దిగిన భారత సైన్యం మొదటి డివిజన్ ఎక్కడిది? మన సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి దళ డివిజన్. శాంతిని కాపాడటానికి పోతున్నారని చెప్పి విమానాలెక్కించారు. పది వారాలు తిరిగేసరికి యుద్ధంలోకి దించారు. 1990 మార్చి 24న చివరి దళం తిరిగొచ్చేనాటికి దాదాపు 1,200 మంది జవాన్లు చనిపోయారు. చచ్చిపోయిన ఈలం తమిళుల లెక్క ఎవరూ సరిగ్గా తేల్చలేదు. ఈ నిర్ణయం ఎవరు చేశారు, ఎవరి సలహా మీద చేశారు అన్న ప్రశ్నకు ఇన్నేళ్లయినా సర్కారు నుంచి జవాబు లేదు.

ఈ కథ తెలంగాణ బిడ్డలకు కొత్తగా వివరించాల్సిన పని లేదు, మొదలు చూస్తే చాలు. 1956లో మనల్ని ఆంధ్రతో కలిపారు. అదే 1956లో శ్రీలంకలో సింహళం ఒక్కటే అధికార భాష అంటూ చట్టం చేశారు. తమిళ ఉద్యోగులు సింహళం నేర్చుకోవాలి, లేకపోతే ఇంటికి పోవాలి. 1957లో ప్రధాని బండారనాయకె, తమిళ నాయకుడు చెల్వనాయకం కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ప్రాంతీయ మండళ్లు ఇస్తామన్నారు. బౌద్ధ భిక్షువులు ధర్నాకు కూర్చోగానే 1958లో ఆ కాగితం చెత్తబుట్టలో పడింది. పెద్దమనుషుల ఒప్పందం గతి తెలిసిన మనకు ఇందులో వింతేముంది? 1970లలో యూనివర్సిటీ సీట్లలో తమిళ విద్యార్థులకు ఎక్కువ మార్కులు పెట్టి వాళ్లను బయటికి నెట్టారు. తుపాకులు పట్టిన తరం ఆ క్యూల్లో నిలబడ్డ పిల్లలే. 1957 ఒప్పందానికి వ్యతిరేకంగా క్యాండీకి పాదయాత్ర మొదలుపెట్టిన ప్రతిపక్ష నాయకుడు ఎవరో తెలుసా? జె.ఆర్. జయవర్ధనే. ముప్పై ఏళ్ల తర్వాత, 1987లో, తమిళులకు న్యాయం చేస్తానని రాజీవ్ గాంధీతో కలిసి సంతకం పెట్టింది కూడా ఆయనే.

1983 జూలైలో కొలంబోలో తమిళులను ఊచకోత కోశారు. ఇందిరాగాంధీ వెంటనే పంపింది విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును, మన వంగర పీవీని. ఆ తర్వాత ఆ పని జి. పార్థసారథికి అప్పగించారు. ఈయన మామూలు అధికారి కాదు. జర్నలిస్టుగా మొదలై దౌత్యంలోకి వచ్చినవాడు, జేఎన్‌యూ మొదటి వైస్ చాన్సలర్, షేక్ అబ్దుల్లా తరఫు మనిషితో నెలల తరబడి కూర్చుని 1975 కశ్మీర్ ఒప్పందం కుదిర్చినవాడు. ఓపికగా రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, ఉత్తర తూర్పు ప్రాంతాలకు ప్రాంతీయ మండళ్లు ఇవ్వాలన్న కాగితం తయారుచేశాడు. దాన్నే ‘అనెక్సర్ సి’ అంటారు. అయితే అదే ఇందిర హయాంలో ఇంకో చేయి ఇంకో పని చేసింది. గూఢచార సంస్థ ‘రా’ తమిళ యువకులను తీసుకొచ్చి డెహ్రాడూన్ పక్కన శిక్షణ ఇచ్చింది, తుపాకులిచ్చింది. ఒక సలహాదారు మాటలతో, ఇంకో సలహాదారు మందుగుండుతో. రెండూ ఒకే ప్రధాని టేబుల్ మీదికి పోయాయి. జయవర్ధనేను బెదిరించి చర్చలకు తేవాలంటే కొంత ఒత్తిడి ఉండాలని వాళ్ల లెక్క కావచ్చు. కానీ తుపాకీ చేతికొచ్చినవాడు ఎల్లకాలం మీ చేతిలో కీలుబొమ్మగా ఉంటాడని ఏ సలహాదారు హామీ ఇచ్చాడు?

ఇందిర హత్య తర్వాత రాజీవ్ వచ్చాడు. పార్థసారథి పక్కకు పోయాడు. తమిళుల పక్షం వహిస్తాడని కొలంబోకు ఆయనంటే గిట్టదు. కొత్త ప్రధానికి తొందర. పంజాబ్ ఒప్పందం, అస్సాం ఒప్పందం, మిజోరం ఒప్పందం... సంతకం పెడితే సమస్య తీరిందన్న జమానా అది. కొలంబోలో హైకమిషనర్‌గా జె.ఎన్. దీక్షిత్ కూర్చున్నాడు. తెలివైనవాడే, అందులో అనుమానం లేదు. కానీ అక్కడి పత్రికలు ఆయన్ను వైస్రాయ్ అని పిలిచేదాకా పోయింది పెత్తనం. 1987 జూన్ 4న మన విమానాలు జాఫ్నా మీద ఆహార పొట్లాలు జారవిడిచాయి, వెంట మిరాజ్ యుద్ధ విమానాలు పోయాయి. జయవర్ధనేకు అర్థమైంది. యాభై రోజుల్లో ఒప్పందం తయారు.

ఆ ఒప్పందాన్ని జాగ్రత్తగా చదవాలి. సంతకాలు రెండు: భారత ప్రధాని, శ్రీలంక అధ్యక్షుడు. ఎవరి హక్కుల కోసం ఈ కాగితమో ఆ తమిళుల సంతకం లేదు. ప్రభాకరన్‌ను జూలైలో హెలికాప్టర్లో తీసుకొచ్చి ఢిల్లీ అశోకా హోటల్లో కమాండోల కాపలా మధ్య ఉంచారు. ఒప్పుకొమ్మన్నారు. ఆయన మనసారా ఒప్పుకోలేదన్నది అందరికీ తెలుసు. ఇంకో ముచ్చట. ఒప్పందంతోపాటు ఇద్దరు నేతలు ఉత్తరాలు మార్చుకున్నారు. వాటిలో తమిళుల సంగతి లేదు. ట్రింకోమలీ రేవును వేరే దేశం సైన్యానికి ఇవ్వకూడదు, అక్కడి చమురు ట్యాంకులను భారత్‌తో కలిసి బాగుచేయాలి, విదేశీ రేడియో స్టేషన్లను మా మీద గూఢచర్యానికి వాడనీయకూడదు. అంటే జాఫ్నా జనం పేరు చెప్పి ఢిల్లీ తన రేవు బేరం తాను చేసుకుంది. దేశానికి తన ప్రయోజనాలు ఉండకూడదని మేం అనడం లేదు. ఆ మాట బయటికి చెప్పి చేయొచ్చు కదా.

నట్వర్ సింగ్ అప్పుడు విదేశాంగ సహాయ మంత్రి. 2014లో వచ్చిన ఆత్మకథలో ఆయన రాసిందేమంటే, సైన్యాన్ని పంపే నిర్ణయం కొలంబోలోనే, మంత్రివర్గ సహచరులను అడగకుండానే అయిపోయిందని. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే పెద్ద ఆరోపణ ఏముంటుంది? పంచాయతీలో బోరు వేయాలన్నా తీర్మానం కావాలి. వేల మందిని సముద్రం దాటించడానికి ఒక్క మనిషి తలూపితే సరిపోయింది. అట్లా పోయిన సైన్యం ఒక దశలో 70 వేలు దాటింది. పులులు తిరగబడితే ఎట్లా అని అడిగితే, కొద్ది వారాల్లో అణచేస్తామని సైన్యాధిపతి సుందర్జీ ధీమా ఇచ్చారట. ఇది దీక్షిత్ తర్వాత రాసిన మాట. మరి దీక్షిత్ ఏం చేశారు? 1987 సెప్టెంబర్‌లో చర్చలకు తెల్లజెండాతో వచ్చే ప్రభాకరన్‌ను కాల్చేయమని తనకు చెప్పింది ఆయనేనని, సైనికుడిగా తాను ఆ పని చేయనన్నానని 54వ డివిజన్ అధిపతి హర్‌కీరత్ సింగ్ 2007 పుస్తకంలో రాశారు. దౌత్యవేత్త జనరల్‌ను అంటాడు, జనరల్ దౌత్యవేత్తను అంటాడు. ఇద్దరూ పుస్తకాలు రాశారు. జాఫ్నాలో పడిపోయిన సిపాయి పుస్తకం రాయలేడు.

శాంతి చెడిపోయిన ఆ రెండు నెలలు చూడండి. సెప్టెంబర్ 15న తిలీపన్ అనే యువకుడు నల్లూరు గుడి దగ్గర అయిదు డిమాండ్లతో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. 26న చనిపోయాడు. ఇరవై మూడేళ్లు. ఆ పన్నెండు రోజులు జాఫ్నా అంతా ఆ పందిరి చుట్టే ఉంది. నిరాహార దీక్ష అంటే ఏమిటో, దాని చుట్టూ జనం ఎట్లా రగులుతారో 2009 నవంబర్, డిసెంబర్‌లలో ఉస్మానియా గేటు దగ్గర నిలబడ్డ మాలాంటి వాళ్లకు తెలుసు. గాంధీ పుట్టిన దేశం నుంచి పోయిన పెద్దలకు మాత్రం అది పట్టలేదు. అక్టోబర్ మొదటి వారంలో శ్రీలంక నౌకాదళం పదిహేడు మంది పులులను సముద్రంలో పట్టుకుంది. కొలంబో తీసుకుపోతామంది. ఒప్పందం ప్రకారం క్షమాభిక్ష ఉన్నవాళ్లు వీళ్లు. మన సైన్యం అడ్డుపడలేదు. అక్టోబర్ 5న వాళ్లు సైనైడ్ మింగారు, పన్నెండు మంది చనిపోయారు. ఆ తర్వాత పులులు చేసింది కూడా చెప్పాలి: సింహళ సామాన్యులను ఊళ్లల్లో చంపారు. ఆ దారుణాన్ని మేం సమర్థించం. అయిదు రోజులు తిరగక ముందే ఢిల్లీ యుద్ధానికి ఉత్తర్వు ఇచ్చింది.

అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లు దిగాయి. పులుల నాయకులను ఒక్క దెబ్బకు పట్టేద్దామని ప్లాను. పులులకు ముందే తెలిసిపోయింది. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ పటాలం నుంచి దిగిన ముప్పై మందిలో ఇరవై తొమ్మిది మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. పది రోజుల తర్వాత, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలోకి మన సైన్యం పోయింది. రోగులు, డాక్టర్లు, నర్సులు కలిసి అరవై మందికి పైగా చనిపోయారు. మూడు నెలల కింద పూలదండలు వేసి స్వాగతం చెప్పిన ఊరు అది.

1989లో ప్రేమదాస అధ్యక్షుడయ్యాక భారత సైన్యం వెళ్లిపోవాలన్నాడు. అంతటితో ఆగలేదు, మన సైన్యం మీద కొట్లాడటానికి పులులకు ఆయుధాలిచ్చాడు. అటు ఢిల్లీ, ఇటు కొలంబో, ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పులిని పెంచినవాళ్లే. 1991 మే 21 సాయంత్రం రాజీవ్ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసుకు విమానమెక్కాడు. ఆ రాత్రి శ్రీపెరంబుదూరులో మానవ బాంబుకు బలయ్యాడు. 1993 మే డే నాడు ప్రేమదాస కూడా అట్లాగే పోయాడు.

పులుల వైపూ సలహాదారులున్నారు. ఆంటన్ బాలసింగం చదువుకున్నవాడు, ప్రపంచం చూసినవాడు. నార్వే మధ్యవర్తిత్వంలో 2002 డిసెంబర్‌లో ఓస్లోలో ఒక్క శ్రీలంకలోనే సమాఖ్య పరిష్కారం వెతుకుదామన్న మాటకు ఒప్పుకొచ్చాడు. ప్రభాకరన్‌కు అది రుచించలేదు. 2003 ఏప్రిల్‌లో చర్చలు ఆగాయి. 2005లో తమిళులను అధ్యక్ష ఎన్నిక బహిష్కరించమన్నారు, మహింద రాజపక్స స్వల్ప మెజారిటీతో గెలిచాడు. 2006లో బాలసింగం లండన్‌లో చనిపోయాడు. 2009 మేలో ముల్లివాయిక్కాల్‌లో ఏమైందో లోకమంతా చూసింది. ఢిల్లీలో రాజు మెచ్చిన మాటే చెప్పే సలహాదారులున్నారు. వన్ని అడవిలో నచ్చని మాట చెప్పిన సలహాదారు ఉన్నాడు గానీ వినే నాయకుడు లేడు. రెండు చోట్లా మూల్యం కట్టింది జనమే.

1987 ఒప్పందంలో ఇప్పుడు మిగిలిందేమిటి? ఉత్తర, తూర్పు ప్రాంతాల విలీనం చెల్లదని 2006 అక్టోబర్‌లో శ్రీలంక సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉత్తర ప్రాంతానికి విడిగా మండలి ఎన్నిక మొదటిసారి జరిగింది 2013లో, సంతకానికి ఇరవై ఆరేళ్ల తర్వాత. పోలీసు, భూమి అధికారాలు కాగితం దాటలేదు. ట్రింకోమలీ చమురు ట్యాంకుల ఒప్పందం మాత్రం 2022 జనవరిలో కుదిరింది. మొత్తం 99 ట్యాంకులు. ఉత్తరాల్లో రాసుకున్నది ఆలస్యంగానైనా దక్కింది.

రాజీవ్ హత్య మీద వర్మ కమిషన్ వేశారు, జైన్ కమిషన్ వేశారు. జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక 1997లో గుజ్రాల్ ప్రభుత్వాన్నే కూల్చింది. 1999 కార్గిల్ యుద్ధం మీద కె. సుబ్రహ్మణ్యం కమిటీ వేసి నివేదికను అచ్చేశారు. నార్వే అయితే శ్రీలంకలో తాను ఎందుకు విఫలమైందో అధ్యయనం చేయించుకుని 2011లో జనం ముందు పెట్టింది. దాదాపు 1,200 మంది సొంత జవాన్లు పోయిన యుద్ధం మీద మన దేశం అట్లాంటి కమిటీ ఒక్కటీ వేయలేదు. జవాన్ల పేర్లు రాసిన స్మారకం కొలంబో పక్కన శ్రీలంక కట్టింది. దీక్షిత్ ఆ తర్వాత విదేశాంగ కార్యదర్శి అయ్యారు, 2004లో జాతీయ భద్రతా సలహాదారు కూడా అయ్యారు.

మేం అడుగుతున్నది కొత్త కోరిక కాదు. 1987 జూలై నుంచి అక్టోబర్ దాకా ప్రధాని కార్యాలయానికి, కొలంబో హైకమిషన్‌కు, సైన్య ప్రధాన కార్యాలయానికి మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు బయటపెట్టాలి. పదిహేడు మంది సంగతిలో ఎవరు అడ్డుపడొద్దన్నారు, యూనివర్సిటీ మీద దాడికి ఎవరు సరే అన్నారు, ఆసుపత్రిలో ఏం జరిగింది? పుస్తకాల్లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నది చాలు. ఫైళ్లు కావాలి. సికింద్రాబాద్ నుంచి ఎంపికయ్యే పార్లమెంటు సభ్యుడు, ఏ పార్టీవాడైనా సరే, ఈ ప్రశ్న సభలో అడగాలి.