పిక్కు లేకుండా బేస్ గిటార్ మీద కార్డులు వాయిస్తే తప్పా?

"బేస్ మీద కార్డులేంట్రా బాబూ? అంతగా వాయించాలనుంటే ముందో పిక్కు కొనుక్కో" అని నాకిప్పటికి నలుగురు చెప్పారు. అందులో ఇద్దరు గిటార్ వాయిస్తారు, ఒకాయన కీబోర్డు. నాలుగోవాడు ఏమీ వాయించడు, మా టెస్టింగ్ లీడ్. అందరి మాటా విన్నాను, కొన్నాళ్ళు నలుగుడు పడ్డాను కూడా. చివరికి ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకో చెప్తాను, ఓపికుంటే చదవండి.

నేను అందరిలాగే అమీర్‌పేటలో జావా నేర్చుకుందామని వచ్చి మధురానగర్‌లో హాస్టల్లో దిగినవాణ్ణే. మైత్రీవనం దగ్గర కోర్సు, రాత్రి పూట నీళ్ళ చారు, మంచానికీ మంచానికీ మధ్య జానెడు సందు. ఉద్యోగం వచ్చాక చాలామంది మాదాపూర్ వైపు వెళ్ళిపోయారు, నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను. 2019లో మా మధురానగర్‌కే మెట్రో స్టేషన్ వచ్చేసరికి ఇంక కదలాల్సిన అవసరమూ పోయింది.

బేస్ ఎందుకు కొన్నానంటే, నాలుగే తీగలు కదా, ఆరు తీగలకన్నా సుళువనుకున్నా. (నవ్వకండి.) పైగా హైదరాబాద్‌లో గిటార్ వాయించే సాఫ్ట్‌వేర్ కుర్రాడు సందుకొకడు దొరుకుతాడు, బేస్ వాయించేవాడు మాత్రం బూతద్దం పెట్టి వెతికినా దొరకడు. ఈ లెక్క మాత్రం తప్పలేదు. ఏ ఆఫీసులో చేరినా యాన్యువల్ డే బ్యాండులో నాకు చోటు ఖాయం.

తర్వాత ఒకే నెలలో రెండు జరిగాయి. మా గిటారిస్టు ఆన్‌సైట్ వెళ్ళిపోయాడు. ఇంక పాడే అమ్మాయి, కహోన్ కొట్టే కుర్రాడు, నేను, ముగ్గురం మిగిలాం. రెండోది, నా కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు నొప్పి మొదలైంది. డాక్టరు గారు చూసి అక్కడి స్నాయువులు వాచాయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దేన్నైనా నొక్కి పట్టుకునే పనులు తగ్గించండి అన్నారు. పిక్కు పట్టుకోవడం అంటే అదే కదండీ! "కీబోర్డు కొట్టడం తప్పదు, అన్నం పెట్టేది అదే. ఈ గిటార్ ఎందుకు మీకు, మానెయ్యండి" అని మా ఆవిడ. తన మాటలో న్యాయముంది. పిక్కు పట్టలేను, కార్డులు వాయించేవాడు ఇంకెవరూ లేరు. మరి నేను బ్యాండులో ఉండాలా, బేస్ అమ్మెయ్యాలా అన్నది అప్పుడు నా ముందున్న ప్రశ్న.

సరే, అసలు విషయానికొద్దాం. బేస్ మీద కార్డులు వద్దనేవాళ్ళు ఊరికే అనరు. బేస్ నాలుగు తీగలూ గిటార్‌లో లావు నాలుగు తీగల స్వరాలే, కాకపోతే ఒక స్థాయి కింద. లావు తీగ ఈ, సుమారు 41 హెర్ట్జ్. దాని మీద అయిదో ఫ్రెట్టు దగ్గర ఏ, 55 హెర్ట్జ్. దీన్ని షడ్జమం అనుకుంటే దాని పక్కనే ఉండే అంతర గాంధారం 69 దగ్గర పడుతుంది. అంటే రెంటికీ తేడా 14 హెర్ట్జ్ మాత్రమే. ఇంత దగ్గరగా ఉంటే మన చెవి వాటిని రెండు స్వరాలుగా విడదీయలేదు. గుర్రుమని ఒక ముద్దలా వినిపిస్తాయి. ప్లాంప్, లెవెల్ట్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు 1965లోనే దీని మీద పేపర్ రాశారు. రెండు స్వరాల మధ్య అంతరం ఒక మేర కన్నా తక్కువైతే గరుకుగా వినిపిస్తుందని, మంద్రంలో ఆ గరుకు మరీ ఎక్కువని. మీ ఫ్లాట్‌లో పక్కింటి మిక్సీ, మీ ఇంటి మిక్సీ ఒకేసారి తిరుగుతుంటే వినండి, ఇంచుమించు అదే.

కాబట్టి గిటార్ మీద నేర్చుకున్న కార్డు ఆకారాన్ని యథాతథంగా తెచ్చి బేస్ మీద బరబరా గీస్తే దరిద్రంగానే ఉంటుంది, అక్కడ నాకూ పేచీ లేదు. అయితే తప్పు కార్డుది కాదు, ఆ కార్డుని కూర్చిన పద్ధతిది. ఆ గాంధారాన్నే ఒక స్థాయి పైకి తీసుకెళ్ళండి. లావు తీగ మీద అయిదో ఫ్రెట్టు, సన్న తీగ మీద ఆరో ఫ్రెట్టు. 55, 139. మధ్యలో బోలెడు ఖాళీ. ఎంత హాయిగా ఉంటుందంటే, పంచమం లేదన్న సంగతే గుర్తు రాదు. సన్న తీగ మీద వేలు ఒక్క ఫ్రెట్టు వెనక్కి జరిపితే అయిదో ఫ్రెట్టు, మైనర్ కార్డు అయిపోతుంది. నాలుగు పాటల్లో మూడు ఈ రెండు ఆకారాలతోనే గట్టెక్కేస్తాయి.

ఇక్కడే పిక్కు సంగతి వస్తుంది. ఈ రెండు స్వరాల మధ్య రెండు తీగలు ఖాళీగా ఉన్నాయి కదా. పిక్కుతో పైనుంచి కిందకి గీస్తే అవీ మోగుతాయి. మోగకుండా ఎడమ చేతి వేళ్ళని వాటి మీద పరచాలి, ఆ వేళ్ళకి అప్పటికే వేరే పని ఉంటుంది. చేత్తో అయితే ఆ గొడవే లేదు. బొటనవేలు లావు తీగ మీద, మధ్యవేలు సన్న తీగ మీద, రెండూ ఒకేసారి మీటడమే. మధ్య తీగల జోలికి పోనే పోము. పిక్కుతో రెండు స్వరాలూ ఒకదాని వెనక ఒకటి పడతాయి, వేళ్ళతో కలిసి పుడతాయి. నా బొటనవేలికి ఇది నొప్పి కూడా కాదు, ఎందుకంటే నొక్కి పట్టుకోవడం లేదు, ఊరికే తోయడమే.

"మరి స్ట్రమ్మింగ్ అన్నావుగా, ఇది మీటడం కదా" అంటారేమో. నిజమే. లయ కావాల్సినచోట మెడ పైభాగానికి వెళ్ళి సన్నటి మూడు తీగల మీద వాయిస్తాను. ఏ తీగ మీద పన్నెండో ఫ్రెట్టు, డీ మీద పదకొండు, జీ మీద తొమ్మిది. స, గ, ప మూడూ వచ్చేశాయి, అన్నీ 110 హెర్ట్జ్ పైనే. చూపుడువేలి గోరు వెనక వైపుతో కిందకి, అదే వేలి మెత్తటి భాగంతో పైకి. గోరు దెబ్బ పదునుగా, పైకొచ్చే దెబ్బ మెత్తగా ఉంటాయి. కహోన్ ఉన్నచోట ఈ తేడానే సగం తాళం వేసేస్తుంది. నష్టం కూడా చెప్పాలి కదా, ఈ ఎత్తులో వాయిస్తున్నంతసేపు అడుగున మంద్ర షడ్జమం ఉండదు. బేసు వాడే నేల వదిలేస్తే పాట గాల్లో తేలుతుంది. అందుకని చరణంలో రెండు వరుసలకి మించి పైన ఉండను.

ఇంకోటి, బేస్ సన్న తీగ మామూలుగా 0.045 అంగుళాలు. గిటార్‌కి సాధారణంగా వేసే సెట్టులో అన్నిటికన్నా లావు తీగ 0.046. అంటే గిటార్ ఎక్కడ ఆగుతుందో బేస్ అక్కడ మొదలవుతుందన్నమాట. మొదటి రెండు వారాలు గోరు పక్కన చర్మం లేచిపోయింది. ఆ చేత్తో చారన్నం కలుపుకుంటే తెలుస్తుంది సంగీతం విలువ :)

పిక్కు పనికిరాదని నేననడం లేదు. కరోల్ కే పిక్కుతోనే అన్ని వందల రికార్డింగుల్లో బేస్ వాయించింది. మోటర్‌హెడ్ లెమ్మీ పిక్కుతో బేస్ మీద కార్డులు బాదేవాడు, అది అతని సంగీతానికి సరిపోయింది. కానీ పిక్కు లేకపోతే కుదరదనేవాళ్ళకి లెస్ క్లేపూల్‌ని చూపిస్తాను. ఫ్లమెంకో గిటార్ వాళ్ళలాగా వేళ్ళతోనే గీస్తాడు. అబ్రహం లేబోరియెల్ ఉన్నాడు. ఇక జేమ్స్ జేమర్సన్ అయితే ఎన్నో మోటౌన్ పాటలు ఒక్క చూపుడువేలితో లాగించేశాడు. కార్డులు కావులెండి, అయినా వేలి సత్తాకి సాక్ష్యం.

అసలు అంత దూరం ఎందుకు? మన వీణ చూడండి. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. చూపుడువేలు, మధ్యవేలు రాగం పని చూసుకుంటుంటే చిటికెనవేలు ఆ మూడింటినీ పైకి మీటుతుంది. అవి శ్రుతి చేసేది స, ప, పై స. గాంధారం లేదు, గమనించారా? ఈమని శంకరశాస్త్రి గారు, చిట్టిబాబు గారు కచేరీ అంతా అలా వాయించారు. వాళ్ళని పిక్కు కొనుక్కోమని ఎవరూ అన్నట్టు లేరు.

"బేస్ వెనకుండాలి, ముందుకు రాకూడదు" అనేది మరో వాదన. ఇది సర్వర్ వైపు పని చేసేవాళ్ళందరికీ తెలిసిన మాటే, డెమోలో మన స్క్రీను ఉండదు. దీన్ని మాత్రం నేను సగమే ఒప్పుకుంటాను. అభినందన, గీతాంజలి పాటలు మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి బేస్ మీదే మనసు పెట్టి వినండి. ఇళయరాజా గారు బేస్‌ని వెనకే ఉంచి, దానికో సొంత పాట ఇచ్చారు. వెనక ఉండటం వేరు, నోరు మూసుకోవడం వేరు. ముందున్నవాడు లేనప్పుడు కూడా వెనకే నిలబడతానంటే అది వినయం కాదు, బద్ధకం.

యాన్యువల్ డేలో మూడు పాటలు చేశాం. మొదటిది బాగా వచ్చింది. రెండోదాంట్లో హాల్లో సౌండు చూసేవాళ్ళు బేస్ అనగానే అలవాటుగా పై శబ్దాలన్నీ కోసేశారు, నా గాంధారాలన్నీ గంగలో కలిశాయి, పాపం ఆ అమ్మాయి శ్రుతి వెతుక్కుంటూ పాడింది. మధ్యలో వెళ్ళి బతిమాలితే మూడోదానికి సరిచేశారు. ఆ మూడో పాట అయ్యాక టెస్టింగ్ లీడ్ వచ్చి "గిటార్ ట్రాక్ ఎక్కణ్ణించి ప్లే చేశారు?" అని అడిగాడు. ఇంతకన్నా పెద్ద మెచ్చుకోలు నాకు ఇంతవరకు అందలేదు. అప్రైజల్స్‌తో కలిపి.

బొటనవేలు ఇప్పుడు నయం, పూర్తిగా కాదు. మా ఆవిడ రాత్రి తొమ్మిది దాటితే ఆంప్ ఆపించేస్తుంది, బల్కంపేట ఎల్లమ్మ కళ్యాణం రోజుల్లో మాత్రం ఆ డప్పుల్లో నన్నెవరూ పట్టించుకోరు. మా గిటారిస్టు వచ్చే నెల తిరిగొచ్చేస్తున్నాడు. రాగానే పాత పాటలన్నీ మళ్ళీ మొదలెడదాం అని మెసేజ్ పెట్టాడు. రెండు పాటలకి సరేనన్నాను. మూడోదానికి మాత్రం నువ్వు పక్కన కూర్చో, నేనే వాయిస్తానని చెప్పాను. చదివినట్టు నీలం టిక్కులు కనిపిస్తున్నాయి, జవాబు ఇంకా రాలేదు.