బండి ఎవరి పేరున?

పోయిన ఏడాది మేం పాత బొలెరో క్యాంపర్ కొన్నాం. తోతాపురి కాయలు చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలడానికీ, ఇంటిల్లిపాదీ తిరుపతి పోయి రావడానికీ పనికొస్తుందని. డబ్బు నా గాజులు కుదువపెట్టి తెచ్చిందే. బండి చూడ్డానికి మాత్రం మగవాళ్ళే బయల్దేరారు. నేనూ వస్తానంటే "బండి సంగతి నీకేం తెలుస్తాది?" అన్నాడు మా బావ.

అయినా వెళ్ళాను. వాళ్ళు రంగూ, టైర్లూ చూశారు. నేను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాను. నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టే. పొయ్యి పొగ చూసి కట్టె పచ్చిదో ఎండుదో చెప్పే మనకు ఈ పొగ అర్థం కాదా? ఛాసిస్ నంబరు ఆర్‌సీతో పోల్చాను. అందులో ఫైనాన్సు వాళ్ళ పేరు అలాగే ఉంది. అది తీయించాకే డబ్బు ఇస్తామన్నాను. తమిళనాడు, కర్ణాటక బండైతే అక్కడి ఎన్‌ఓసీ కూడా అడగాలి.

ఆర్‌సీ నా పేరున రాయించమనేసరికి ఇంట్లో గొడవ. "ఎవరి పేరైతేనేం?" అన్నారు. అలాంటప్పుడు నా పేరెందుకు కాకూడదు?

1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, ఒకే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా అధికారులకు తెలపాలి. పేరు మారకుండా ప్రమాదం జరిగితే, పరిహారం బాధ్యత రికార్డులో పేరున్న పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పేరుతో బాధ్యతా వస్తుంది. దానికి నేను సిద్ధమే. కానీ రేపు బండి అమ్మాలన్నా నా సంతకం కావాలి. ఆ హక్కు కోసమే నా పట్టుదల.

అక్కలారా, మీ నగ బండిగా మారేటప్పుడు ఆర్‌సీలో ఎవరి పేరుందో అడిగి చూడండి.